ఒంటిఘటం నూకాలమ్మ: జాతీయ కప్పు చీట్లన్నీ ఒకే కుండలో పడిన వైనం

మడిగట్లపాలెం ఉప్పుమళ్ళు దాటి సముద్రం వైపు నడిస్తే గడ్డి మొలవని ఫుట్‌బాల్ మైదానం ఒకటి వస్తుంది. దాని ఉత్తరపు కొసన, ఒకప్పుడు గోలు స్తంభం ఉన్న చోట, పెంకుల కప్పు కింద శ్రీ ఒంటిఘటం నూకాలమ్మవారు కొలువై ఉన్నారు. బస్సు దిగిన చోటి నుండి అరగంట నడక. మైదానంలో ఆట సాగుతుండగా ప్రదక్షిణ చేయదలచినవారు తమ తలను తామే కాచుకోవలెను.

ఈ పుస్తకం అచ్చువేయడానికి కారణం భక్తి ఒక్కటే కాదు, విసుగు కూడా. ఏడాది పొడుగునా యాత్రికులు అడిగిందే అడుగుతున్నారు, చెప్పిందే చెప్పి మా పూజారమ్మ గొంతు పోయింది. అమ్మవారు ఏ జట్టు పక్షమని అడుగుతారు. రిఫరీ కళ్ళు పోవాలని చీటీ రాసి హుండీలో వేస్తారు. బూట్లకు కుంకుమ పెట్టమని గర్భగుడి దాకా తెస్తారు. బూట్లయినా చెప్పులయినా కాలికి తొడిగేవే, బయట విడవాలి. ఈ మాట కూడా అచ్చులో చెప్పవలసి వచ్చిందంటే ఏమనుకోవాలి? అసలు కథ తెలియకనే ఈ అగచాట్లన్నీ అని తలచి, పెద్దల వల్ల విన్నది విన్నట్టు రాస్తున్నాము. దయచేసి చదవండి.

పూర్వం ఇక్కడ గుడి లేదు, మైదానమే ఉండేది. ఉప్పు కూలీలు మళ్ళలో పని ముగించుకుని సాయంత్రం పూట బంతి ఆడుకునేవారు. దక్షిణపు గోలుకు రెండు సరుగుడు కర్రలు పాతారు. ఉత్తరపు గోలుకు ఒక్క కర్రే దొరికింది. రెండోదానికి బదులు అక్కడ నిలువుగా ఉన్న నల్లరాయి సరిపోయింది. ఆ రాతి పక్కన నిలబడి గోలు కాచేవాడు గరికిన అసిరయ్య. పగలు ఉప్పు గోరేవాడు, సాయంత్రం గోలు కాచేవాడు. ఒక ఎండాకాలం పెనుగాలికి రాతి వెనుక ఇసుకమేట కొట్టుకుపోయి, అటు వైపున నాలుగు చేతులూ, శూలమూ, రెండు కళ్ళూ బయటపడ్డాయి. ఇన్నేళ్ళూ బంతులతో కొట్టింది నూకాలమ్మ తల్లి వీపునని తెలిసి ఊరంతా లెంపలు వేసుకుంది. అసిరయ్య మూడు రోజులు అన్నం ముట్టలేదు. అమ్మ మాత్రం కోపగించలేదు, ఆ ఏడు ఉప్పు విరగపండింది. అమ్మను కదపకుండా గోలునే నాలుగు బారలు పక్కకు జరిపారు. గవరమ్మ అనే ఉప్పు కూలీ పూజకు కుదిరింది.

ఇక తపస్సు. స్థలపురాణం అన్నాక తపస్సు ఉండాలి, ఇక్కడా ఉంది. ఋషి ఆ అసిరయ్యే, తపస్సు అర్జీలు పెట్టడం. ఆ రోజుల్లో ఆటగాళ్ళను జీతాలిచ్చి పోషించే పెద్ద క్లబ్బులు తమలో తామే ఆడుకునేవి. కూలీలూ, గుమాస్తాలూ పని తీరాక ఆడే చిన్న క్లబ్బులు ఊరూరా ఉన్నా, పెద్దవాళ్ళ ఎదుట నిలబడే దారి వాళ్ళకు లేదు. దేశమంతటికీ ఒకే కప్పు ఉండాలి, జీతగాళ్ళూ జీతం లేనివాళ్ళూ అందరూ అందులో ఆడాలి అని అసిరయ్య పట్టు. బతుకులో ఒక్కసారి దేశంలోకెల్లా గొప్ప జట్టు ఎదుట తన గోలు తాను కాయాలి, అంతే. వేరే వరం అడగలేదు.

పదకొండేళ్ళు రాశాడు. పెద్ద క్లబ్బుల మండలి నుండి పదకొండేళ్ళూ ఒకటే జవాబు, పరిశీలనలో ఉన్నదని. పరిశీలించడానికి అందులో ఏముందో మాకు నేటికీ అంతుపట్టలేదు. ఇంద్రుడైతే ఇంత తపస్సుకు తపోభంగం చేయడానికైనా ఎవరినో ఒకరిని పంపి ఉండేవాడు. ఈలోగా అసిరయ్యకు నలభై దాటాయి, ఉప్పునీళ్ళలో నిలబడి నిలబడి మోకాళ్ళు పట్టేశాయి. ఇంకో రెండేళ్ళు గడిస్తే, కప్పు వచ్చినా గోలులో నిలబడేది వేరొకడు. అది అతనికీ తెలుసు, ఊరికీ తెలుసు.

పన్నెండో ఏట మండలి ఒప్పుకుంది. ఒప్పుకున్నట్టే ఒప్పుకుని మెలిక పెట్టింది. పెద్ద క్లబ్బుల పేర్లు వెండి కుండలో, చిన్నవాటి పేర్లు మట్టి కుండలో వేసి, ఎవరితో ఎవరు ఆడాలో వేరువేరుగా చీట్లు తీస్తారట. మట్టి కుండవాళ్ళు ముందు తమలో తాము కొట్టుకుని చివరికి ఒక్కరు మిగిలితే, ఆ ఒక్కరినీ పెద్దల పంక్తిలో కూర్చోబెడతారట. పెళ్ళికి పిలిచి పెరట్లో విస్తరి వేసినట్టుంది కదూ! అసిరయ్య మళ్ళీ అర్జీ పెట్టాడు. అతని నోరు మూయించడానికి మండలి అధ్యక్షులవారు ఒక ఉపాయం పన్నారు. తొలి చీట్లు మీ ఊళ్ళోనే, మీ అమ్మవారి ఎదుటే తీస్తాము, ఇక ఊరుకోమన్నారు. పత్రికల్లో ఫొటో కూడా బాగుంటుందని వారి ఆలోచన.

చెప్పిన రోజుకు అధ్యక్షులవారు పరివారంతో దిగారు. ఊరివాళ్ళు పెట్టిన కోనాం చేప పులుసు మారు వడ్డించుకుని తిని, సర్పంచి గారి అరుగు మీద నడుం వాల్చారు. ఆ మధ్యాహ్నపు కునుకులోనే అమ్మ కనిపించింది. వేరే క్షేత్రాల్లో అమ్మవార్లు చిరునవ్వుతో కలలోకి వస్తారు. మా అమ్మ నడుము మీద చెయ్యి వేసుకుని వచ్చింది. "నా ఎదట రెండు ఘటాలేటి?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా పోయింది. అధ్యక్షులవారు లేచి చెమట తుడుచుకుని, పులుసు ఎక్కువైందనుకున్నారు. ఈ సంగతి తరువాత ఆయనే చెప్పారు కనుక మాకు తెలిసింది.

ఇక్కడ మా ఊరి ఆచారం ఒకటి చెప్పాలి. ఎవరికి ఏ ఉప్పుమడి అన్నది ఏటా అమ్మ ఎదుట చీట్లు వేసే తేల్చుకుంటాం. ఆసామి పేరూ, పాలికాపు పేరూ ఒకే ఘటంలో పడాలి. అమ్మ ముందు రెండు ఘటాలు పెట్టడమంటే ఊరు రెండుగా చీలిందని చాటడమే. తెలియక ఎవరైనా రెండోది తెస్తే, పూజారమ్మ ఒకదానిలో ఇంకొకటి ఒంపేస్తుంది. ఘటంలో పడిన చీటీని ఆమె చెయ్యి తప్ప వేరే చెయ్యి ముట్టదు. ఇవన్నీ మాకు పాలు తాగిన నాటి నుండి తెలుసు. మండలివారికి ఎవరూ చెప్పలేదు, వాళ్ళు అడగనూ లేదు.

గవరమ్మకు ఆట తెలియదు, మండలి తెలియదు, మెలిక అసలే తెలియదు. గుళ్ళోకి వచ్చి చూస్తే అమ్మ ఎదుట రెండు కుండలు. ఎవరో బుద్ధిలేక పెట్టారనుకుని, గొణుక్కుంటూ, వెండి కుండలోని చీట్లన్నీ మట్టి కుండలోకి ఒంపేసింది. ఒంపి చెయ్యి పెట్టి కలిపేసింది కూడా. ఖాళీ వెండి కుండను బయట మెట్టు మీద బోర్లించింది.

మండలివారు ఒక్కసారిగా లేచారు. చీట్లు విప్పి, ఏరి, మళ్ళీ వేరు చేయాలన్నారు. ఒకాయన కుండలో చెయ్యి పెట్టబోతే ఊరివాళ్ళు అడ్డం నిలబడ్డారు. ఇక చూడండి, అందరికంటే ఎక్కువ బెదిరినవాడు అసిరయ్య. వీళ్ళు అలిగి వెళ్ళిపోతే కప్పు అనేదే ఉండదు, పన్నెండేళ్ళ పాటు అడిగింది బూడిదైపోతుంది. పోనీలే పెద్దమ్మా, ఏరుకోనీ అని గవరమ్మనే బతిమాలాడు. తల బాదుకోవాలనిపిస్తుంది ఈ ఘట్టం దగ్గర. గవరమ్మ అతని వంక చూసి, "అమ్మ కలిపింది ఏరడానికి నువ్వెవులు రా?" అంది. కలిపింది తానేనన్న మాటే ఆమెకు గుర్తులేదు.

ఆ మాటతో అధ్యక్షులవారికి మధ్యాహ్నపు కల గుర్తొచ్చింది. ఆయన మెల్లగా మెట్టు మీద కూర్చున్నారు. పరివారాన్ని ఊరుకోమని చేత్తో సైగ చేసి, "తియ్యమ్మా, ఏది వస్తే అది" అన్నారు. గవరమ్మ తీసింది. మొదటి చీటీ నవరంగ్ క్లబ్బు, అంటే అప్పటి దేశ విజేతలు. రెండోది మడిగట్లపాలెం ఉప్పుకూలీల జట్టు. గవరమ్మ చూసి తీసిందేమోనని నేటికీ కొందరు గుసగుసలాడుతుంటారు. ఆమెకు చదువు రాదు మహాప్రభో.

ఆట ఈ మైదానంలోనే జరిగింది. అమ్మ మహిమతో మనవాళ్ళు గెలిచారని పక్క ఊళ్ళలో అమ్మే పుస్తకాల్లో రాస్తున్నారు. శుద్ధ అబద్ధం. తొమ్మిది గోల్స్ తేడాతో ఓడిపోయారు, మనవాళ్ళు ఒక్కటీ వేయలేదు. అసిరయ్య తొమ్మిదిసార్లు ఇసుకలో పడ్డాడు, ఆ మోకాళ్ళతోనే తొమ్మిదిసార్లు లేచాడు. ఆట ముగిశాక అధ్యక్షులవారు జాలిపడి దగ్గరకు వచ్చారు. ఇందుకే రెండు కుండలన్నాం, మీకీ అవమానం ఎందుకు, వచ్చే ఏడు వేరు చేద్దామని నచ్చజెప్పబోయారు.

అసిరయ్య నోట్లోని ఇసుక ఉమ్మి, "ఇన్నేళ్ళూ ఆడకుండా ఓడిపోనాం బావూ. ఇయ్యాల ఆడి ఓడిపోనాం. రెండూ ఒకటేటి?" అన్నాడు.

వెండి కుండ మాటను అధ్యక్షులవారు నిబంధనల్లో నుండి ఆ వారమే తీసేశారు.

నేటికీ జాతీయ కప్పు తొలి చీట్లు ఇక్కడే, ఒక్క మట్టి ఘటంలోనే, గవరమ్మ ఇంటి ఆడవాళ్ళ చేతనే తీయిస్తున్నారు. అమ్మకు ఒంటిఘటం అన్న పేరు అలా వచ్చింది. ఈ కథ విన్నవారికి విజయం కలుగునని మేము రాయము. అమ్మ ఎవరినీ గెలిపించిన దాఖలా లేదు. ఆమె ఇచ్చేది కుండలో చోటు. అసిరయ్య మరి ఆడలేదు గానీ, ఆ తొమ్మిది గోల్స్ గురించి పోయేదాకా అమ్మ ఎదుట కూర్చుని చెప్పేవాడు, ఏది ఎటు నుండి వచ్చిందో చేత్తో చూపిస్తూ. అదే ఆచారమైంది. కప్పులో ఓడిన జట్లు దూరాభారమైనా ఇక్కడికి వచ్చి, తమకు పడిన గోల్స్ ఒక్కొక్కటీ అమ్మకు చెప్పుకుంటాయి. గెలిచినవారు కొబ్బరికాయ కొట్టి వెళ్ళవచ్చు. ఓడినవారు చెప్పుకోవడం పూర్తయ్యేదాకా మా పూజారమ్మ గుడి తలుపు వేయదు.