తూర్పు గ్యాలరీ వీపు తిప్పిన రోజు

నారసింహం గారిని ప్రశ్న అడిగి జవాబు రాబట్టినవాళ్ళు మెట్టుగూడలో ఒక్కరూ లేరు. ఆయన మృదంగం నేర్పుతారు. జతి తప్పితే వేలు పట్టుకుని దిద్దుతారు గానీ, బతుకు గురించి ఏదైనా అడిగితే మాత్రం చెప్పులు వేసుకుని "పద" అంటారు. కచేరీకి ఎప్పుడు పనికొస్తానండీ అని అడిగిన ఒక కుర్రాణ్ణి కూరగాయల మార్కెట్టుకు తీసుకెళ్ళి పొద్దెక్కేదాకా వంకాయలు ఏరించారు. వాడికేం అర్థమైందో ఏమో, మళ్ళీ అడగలేదు.

జకరయ్య ఆయన దగ్గర పాత శిష్యుడు. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. చెయ్యి మంచిది, చెవి అంతకంటే మంచిది. పక్క వీధిలో ఎవరైనా మృదంగం వాయిస్తే, కూర్చున్నచోటి నుంచే అది ఎవరి చెయ్యో చెప్పేస్తాడు. అయితే గురువుగారి మీద భక్తికి చాలా ముందే అతనికి ఇంకో భక్తి పట్టుకుంది. మెట్టుగూడ ఎలెవన్ అనే ఫుట్‌బాల్ క్లబ్బు మీద భక్తి అది.

ఆ క్లబ్బు గురించి జకరయ్యకు లేని అభిప్రాయం లేదు. ఇరానీ హోటల్లో చాయ్ ముందు పెట్టుకుని మొదలుపెట్టాడంటే, చాయ్ మీద మీగడ కట్టాల్సిందే. "గోవా నుంచి ఆ పొడుగోణ్ణి ఎందుకు తెచ్చిండ్రయ్యా? బాల్ వస్తే తలకాయ ఒక దిక్కు, కాళ్ళొక దిక్కు! నడుమ ఆడేటోడు లేడురా నాయనా అని మొత్తుకుంటుంటే, గోలు కాసే గోలీని ఇంకోణ్ణి తెస్తరా?" ఇక క్లబ్బు మారబోయే కొత్త స్టేడియం మాట ఎత్తితే కుర్చీలోంచి లేచేవాడు. "రింగు రోడ్డు అవతలంట. రంగు కుర్చీలంట, గోడంత టీవీ అంట. మనం బస్సులు మారి పోయేసరికి ఆట అయిపోయి లైట్లు ఆర్పుతుంటరు. గ్రౌండంటే కుర్చీలా? రైలు పోతుంటే డ్రైవరు స్కోరెంత అని అరుస్తడు చూడు, అది తెస్తరా ఆడికి?" కమిటీ వాళ్ళు ఆ హోటల్ ముందు నుంచి నడవడమే మానుకున్నారు.

ఇంతా చేసి, అతని కడుపులో మంట స్టేడియం గురించి కాదు, పొడుగోడి గురించీ కాదు. ఖలీల్ గురించి.

ఖలీల్ ఆ గ్రౌండులోనే చెప్పుల్లేకుండా ఆడుతూ పెరిగిన పిల్లాడు. వాడి ఎడమ కాలిని అందరికంటే ముందు కనిపెట్టింది జకరయ్యే. వీణ్ణి తీసుకోండి, వీణ్ణి తీసుకోండి అని కమిటీ వెంటపడి, పోరు పెట్టి, జట్టులో చేర్పించాడు. పెళ్ళాం పిల్లలు లేని మనిషి, ఆదివారం ఖలీల్ ఆట చూసి వచ్చి వారమంతా ఆ ఆటే నెమరేసుకునేవాడు. ఆ ఎండాకాలం ఖలీల్ మూసీ రోవర్స్ క్లబ్బుకు వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు ఒక్క మాట చెప్పలేదు. జకరయ్య పేపర్లో చూసి తెలుసుకున్నాడు.

అప్పట్నుంచి అతని చెయ్యి మృదంగం మీద నిలవడం లేదు. ఒక సాయంత్రం వరసగా తాళం తప్పుతుంటే నారసింహం గారు వాయించడం ఆపి శిష్యుడి ముఖంలోకి చూశారు. జకరయ్య తల దించుకునే అడిగాడు.

"గురువుగారూ, పోయినోణ్ణి మనసులకెంచి తీసేసుడెట్ల?"

"మీ ఆట ఎప్పుడు?" అన్నారాయన.

"ఆదివారం. రోవర్స్‌తోనే. మన పాత గ్రౌండుల అదే ఆఖరి ఆట."

"నేనూ వస్తాను."

జకరయ్యా, అతని తోటివాళ్ళూ నిలబడే తూర్పు గ్యాలరీలో మాట్లాడే భాష గురువుగారు వినదగ్గది కాదు. పైగా ఆ ఆదివారం అక్కడ జరగబోయే తతంగం వేరే ఉంది. మెట్టుగూడకు ఒక ఆనవాయితీ ఉంది. క్లబ్బు వదిలిపోయినవాడు అవతలి జట్టు బనీను తొడుక్కుని ఈ గ్రౌండులో దిగితే, వాడు ఆడినంతసేపూ తూర్పు గ్యాలరీ వెనక్కి తిరిగి నిలబడుతుంది. తిట్టరు, రాయి విసరరు. వీపు చూపిస్తారు, అంతే. ఖలీల్‌కు కూడా వీపే చూపించాలని, దొంగచాటుగా చూసినవాడితో ఇక మాటలుండవని జకరయ్య దగ్గరుండి అందరిచేతా ఒట్టు వేయించాడు. ఇదేం పంతమో చూడండి! పుట్టి పెరిగిన గ్రౌండులో ఆఖరి ఆట. చూడ్డానికి ఊరంతా కదిలొచ్చింది. చూసేవాడు మాత్రం ఒక్కడూ లేడు.

ఆదివారం నారసింహం గారు తెల్ల పంచె, చంకలో గొడుగుతో గ్యాలరీ ఎక్కారు. జనం జరిగి దారి ఇచ్చారు. జకరయ్య చోటు అన్నిటికంటే పై మెట్టు మీద, కమ్మీ పక్కన. జట్లు దిగాయి, విజిల్ మోగింది, గ్యాలరీ మొత్తం ఒక్కసారిగా వెనక్కి తిరిగింది. జకరయ్య కమ్మీ పట్టుకుని అవతల రైలు పట్టాల వైపు చూస్తూ నిలబడ్డాడు. కింది మెట్ల మీదివాళ్ళందరికీ అతని వీపు కనిపిస్తోంది. గ్రౌండు వైపు ముఖం పెట్టి కూర్చున్నది నారసింహం గారొక్కరే.

కాసేపటికి ఆయన అన్నారు, "నాకీ ఆట తెలీదు జకరయ్యా. ఏం జరుగుతోందో చెప్పు."

"నేను చూస్తలేను కద గురువుగారూ."

"తెలుసు. చెప్పు."

దూరంగా ఎవరో బంతిని గట్టిగా తన్నారు. ఇంకెవరో తన్నారు. తర్వాత ఒక మెత్తటి చప్పుడు వినిపించింది. జకరయ్య మెడ నిటారుగా అయింది.

"వాడే," అన్నాడు మెల్లగా.

"ఎవరు?"

"ఖలీల్. బాల్ తీసుకుండు. ఎడమ కాలితోని. వేరేటోళ్ళకు బాల్ వచ్చి తగుల్తది గురువుగారూ, వీని కాలి మీదికి వచ్చి వాల్తది." అని ఆగి మళ్ళీ విన్నాడు. "గీత పొంటి పోతున్నడు. ఇప్పుడు ఆగుతడు... ఆగిండు. ఆ ఆగుడు ఎవనికీ రాదు. పొడుగోడు మీదికి పోతడు, పోవద్దురా అంటే వినడు... పోయిండు. పడ్డడు!"

నిజంగానే పడ్డాడు. నారసింహం గారు కళ్ళారా చూశారు.

ఆట తెలియని మనిషికి చెప్తున్నాననే వంక దొరికింది కదా, ఇక జకరయ్య ఆగలేదు. మొదట గొణిగాడు, తర్వాత మామూలుగా చెప్పాడు, ఆ తర్వాత గొంతెత్తాడు. కింది మెట్టు మీదివాళ్ళు చెవులు రిక్కించారు. వాళ్ళ కిందివాళ్ళు "గట్టిగ చెప్పన్నా" అన్నారు. కాసేపట్లో తూర్పు గ్యాలరీ అంతా గ్రౌండుకు వీపు పెట్టి, జకరయ్య వీపు చూస్తూ, అతను చెప్పే ఆట వింటోంది. అతను చెప్పేదంతా ఖలీల్ ఆటే. ఇరవైమందికి పైగా ఆడుతున్న ఆటలో మిగతావాళ్ళ ఊసే లేదు. ఎంత కడుపుమంట ఉన్నా ఆ గొంతులో ఇసుమంత కోపం వినిపించలేదు. నెలల తరబడి తిండి సయించని మనిషికి ఆకలి ఒక్కసారి పుట్టుకొచ్చినట్టు చెప్పుకుపోయాడు.

"లోపలికి వచ్చిండు. ఇంకొకణ్ణి దాటిండు. కొట్టడు, ఇప్పుడే కొట్టడు, గోలీని కూసోబెట్టినాకనే... కొట్టిండు!"

ఇనుప గోలు స్తంభం ఠంగుమంది. అవతలి మూల రోవర్స్ వాళ్ళు గుప్పెడు మంది కేకలు పెట్టారు. మెట్టుగూడ మీద గోలు పడింది. జకరయ్య కళ్ళలోంచి నీళ్ళు ధారకట్టాయి. అతను తుడుచుకోలేదు.

"స్తంభం లోపలి దిక్కు తగిలి పోయింది," అన్నాడు. "ఇప్పుడు మూల జెండా కాడికి ఉరుకుతడు. గోలు కొడితే వాడు నిలవడు గురువుగారూ. ఉరికి, జెండా పట్టుకుని గుండ్రంగ తిరుగుతడు. తిరుగుతున్నడు కద?"

"లేదు," అన్నారు నారసింహం గారు.

"ఏంది?"

"పరుగెత్తలేదు. కొట్టినచోటే నిలబడిపోయాడు. తోటివాళ్ళు వచ్చి భుజాల మీద చేతులేస్తే విడిపించుకున్నాడు. ఇటే చూస్తున్నాడు."

"ఎవరి దిక్కు?"

"ఏమో. అన్నీ వీపులేనాయె. ఒక్కొక్క వరసే వెతుక్కుంటూ పైకి చూస్తున్నాడు."

జకరయ్య కమ్మీని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. అది అతనికి వినపడలేదు. ఖలీల్ ఊపిరి తీసినా వినగలననుకున్న మనిషికి ఖలీల్ చూపు వినపడలేదు. ఒట్టు వేయించింది తనే, ఇప్పుడు తిరిగితే గ్యాలరీ అంతా చూస్తుంది, రేపు హోటల్లో తలెత్తుకోలేడు. అతను అన్నీ ఆలోచించాడు. తర్వాత కమ్మీ వదిలి తిరిగాడు.

మొదట కనిపించినవి ముఖాలు. కింది మెట్ల నుంచి అందరూ అతన్నే చూస్తున్నారు. వాళ్ళ తలల మీదుగా అతను గ్రౌండులోకి చూశాడు. ఎండ కళ్ళలో పడింది, చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఖలీల్ అప్పటికే మధ్య గీత వైపు నడిచిపోతున్నాడు. తల వంచుకుని ఉన్నాడు. కొత్త బనీను, వీపు మీద కొత్త నంబరు. జకరయ్య పేరు పెట్టి పిలవబోయాడు. ఇంతలో రిఫరీ సగం ఆట అయిందని విజిల్ వేశాడు. ఆటగాళ్ళు నీళ్ళ కోసం లోపలికి వెళ్ళిపోయారు, వాళ్ళతో పాటే ఖలీల్ కూడా.

జకరయ్య మెట్టు మీద కూలబడ్డాడు.

"నాకోసమే చూసిండు గురువుగారూ," అన్నాడు. "నేనే చూడలే. జర్ర ముందు తిరిగుంటే..."

గ్యాలరీలో కొందరు అతని దగ్గరికి వచ్చి పక్కనే నిలబడ్డారు. చాయ్ అమ్మేవాడు వచ్చాడు. నారసింహం గారు రెండు కప్పులు తీసుకుని ఒకటి శిష్యుడి చేతిలో పెట్టారు.

"ఇంకా సగం ఆట ఉందటగా," అన్నారాయన. "తాగి సర్దుకుని కూర్చో నాయనా. ఎటు తిరిగి కూర్చుంటావో నీ ఇష్టం."