ఈడూజోడూ కుదిరిన తుపాకి

కొండ దిగువన దాలయ్య ఇల్లు ఉండేది. ఆ ఇంట్లో దేనికి కరువొచ్చినా తెలివికి మాత్రం రాలేదు. ఈ మాట ఊళ్ళో ఎవరూ అనలేదు, దాలయ్యే అన్నాడు. ఊళ్ళోవాళ్ళు ఎందుకు అనలేదో కూడా ఆయనే చెప్పాడు. "మన తెలివి తెలియాలంటే వాళ్ళకీ కాస్త ఉండాలి కదా!"

ఊరికి వెళ్ళాల్సి వస్తే కిటికీలన్నిటికీ గుడ్డలు కుక్కి మరీ వెళ్ళేవాళ్ళు, ఇంట్లో తెలివి గాలికి పోతుందని. వానొస్తే దాలయ్య పెళ్ళాం సన్నాసమ్మ గొడుగు పట్టుకుని బావి దగ్గర నిలబడేది, లోపలి నీళ్ళు తడిసిపోతాయని. కొడుకు బంగారయ్య చెవుల్లో దూది పెట్టుకుని పడుకునేవాడు, పగలు నేర్చుకున్నది దిండు మీదికి కారిపోతుందని. వీళ్ళందరినీ మించిన తెలివి కూతురు గవరమ్మది. ఇదీ ఊరు అన్న మాట కాదు, గవరమ్మ అన్న మాటే. వాదనలో ఆ గుంటని గెలిచినవాడు పుట్టలేదు. ఎదుటివాడు నోరు తెరవగానే "అదెలా?" అనేది. మూయగానే "చూశావా, జవాబు లేదు!" అనేది.

మనిషి మాత్రం పిట్టంత. గాదెలోంచి గింజలు తియ్యాలని వంగితే కాళ్ళు గాల్లోకి లేచేవి. కానీ గురి! వడిసెలలో రాయి పెట్టి తిప్పి వదిలిందంటే, కొసకొమ్మన ఉన్న మామిడికాయ కాడ తెగి ఒళ్ళో పడాల్సిందే.

ఆ యేడు వాళ్ళ చిలగడదుంపల చేలో అడవిపంది పడింది. ఆ చేనే వాళ్ళకి ఆధారం. దుంపలు పోతే ఏడాదంతా గంజినీళ్ళే. గవరమ్మ వడిసెల తీసి ఒక రాయి విసిరింది. సరిగ్గా వీపు మధ్యలో తగిలింది. పందికి అక్కడే దురద పెడుతోంది కాబోలు, హాయిగా మూలిగి, ఇంకో రాయి కోసం వీపు తిప్పి నిలబడింది.

"రాళ్ళతో తెమిలేది కాదు. తుపాకి కావాలి. పేల్చేది నేనే," అంది గవరమ్మ.

అటక మీద తాతగారి తుపాకి ఉంది. దూలమంత పొడుగు. గవరమ్మ దాన్ని భుజానికెత్తితే గొట్టం కొస పొరుగింటి పెరట్లో తేలింది, మీట మాత్రం వేలికి అందనే లేదు. పొరుగింటి వదిన చూసింది, బాగుందనుకుంది, కొసకి తడిచీర ఆరేసింది. అంతే! గవరమ్మ బొక్కబోర్లా పడింది.

బంగారయ్య గడ్డం గోక్కుంటూ ఆలోచించాడు. "తుపాకి పొడుగు, చెల్లి పొట్టి. లోపం చెల్లిలోనే ఉంది. సాగదీస్తే సరి. పొట్లకాయకి రాయి కడితే సాగడం లేదూ?"

ఇంకేముంది! చేతులకి తాడు కట్టి దూలం మీదుగా వేలాడదీశారు, కొస బంగారయ్య పట్టుకున్నాడు. కాళ్ళకి రుబ్బురోలు పొత్రం కట్టారు.

"సాగావా?" అని అడిగాడు బంగారయ్య కిందనుంచి.

"సాగింది నా ఓపిక! ఒరే అన్నయ్యా, పొట్లకాయ వాదించదు, నేను వాదిస్తా. మనిషి కోసం తుపాకా, తుపాకి కోసం మనిషా? నేనెందుకురా సాగాలి? దాన్నే పొట్టిది తెమ్మను!"

"అబ్బ, ఏం మాటన్నావే!" అని ఇంటిల్లిపాదీ చప్పట్లు కొట్టారు. చప్పట్లు కొట్టడానికి బంగారయ్య పట్టుకున్న తాడు వదిలేశాడు. అలా దిగింది గవరమ్మ.

మర్నాడు దాలయ్య సంతకి వెళ్ళి, తుపాకులు చేసే ముత్యాలాచారిని కలిశాడు. ఆచారి ఎంతోమంది వేటగాళ్ళని చూసినవాడు. "నాయుడూ, తుపాకి ఎంచుకోవడమంటే పెళ్ళిసంబంధం చూసుకోవడమే అనుకో," అన్నాడు. "ఈడూజోడూ కుదరాలి. చిన్న మనిషికి చిన్నదే నప్పుతుంది. పై మెరుగులు చూసి మోసపోకూడదు. నువ్వు చూస్తే చాలదు, నీ కూతుర్నే తీసుకురా. ఆ అమ్మాయే చూసుకోవాలి."

దాలయ్య ఒక్క పరుగున ఇంటికొచ్చాడు. "ఏమేవ్! పిల్లకి పెళ్ళిచూపులే! తుపాకితో!"

సన్నాసమ్మ ముక్కు మీద వేలేసుకుంది. "ఓలమ్మో! ఏ ఇంటివాళ్ళు?"

"కొలిమింటివాళ్ళు. నిప్పులాంటి వంశం."

అంతే! పెట్టెలోంచి పట్టుచీర బయటికొచ్చింది. తమలపాకులు, అరటిపళ్ళు, పసుపుకుంకాలు తట్టలోకెక్కాయి. గవరమ్మ మాత్రం ఒక షరతు పెట్టింది. "నేను తల వంచుకుని కూర్చోను. వాళ్ళనే కూర్చోమనండి. నేను చూస్తా."

ఆచారి కొట్లో గోడకి ఆనించి తుపాకులు వరసగా నిలబడి ఉన్నాయి. "కూర్చోమంటే నిలబడే ఉన్నారు. పెద్దలంటే గౌరవం ఉన్నవాళ్ళే," అని దాలయ్య మెచ్చుకున్నాడు.

మొదటిది పొడుగ్గా, ఒళ్ళంతా వెండి తాపడంతో మెరుస్తోంది. సన్నాసమ్మ కూతుర్ని పక్కన నిలబెట్టి చూసి పెదవి విరిచింది. "ఒంటి మీద వెండి బాగానే ఉంది గానీ, తాటిచెట్టు పక్కన తోటకూర మొక్కలా ఉంది మా పిల్ల. ఆచారిగారూ, ఈ అబ్బాయికి చెడు అలవాట్లేమైనా ఉన్నాయా?"

ఆచారి నవ్వాడు. హాస్యమాడుతున్నారనుకున్నాడు. "ఏముంటాయమ్మా, పేలినప్పుడు పొగ వదుల్తాడు. ఏ తుపాకైనా వదిలేదే."

"పోన్లెండి. చుట్ట మా ఆయనకీ ఉంది."

రెండోది పొట్టిగా, పుల్లలా ఉంది. ఎత్తితే పువ్వంత తేలిక. గవరమ్మకి బాగా నచ్చింది. ఆచారే వద్దన్నాడు. "మోయడానికి సుఖమే తల్లీ. కానీ తేలికది కాబట్టి పేలగానే గట్టిగా తన్నుతుంది. కావాలంటే భుజం మీద మెత్తటి గుడ్డ మడతపెట్టుకో..."

గవరమ్మ అరటిపండు విసిరికొట్టి లేచింది. "ఆగు తాతా! తన్నేది అతను, గుడ్డ పెట్టుకోవాల్సింది నేనా? ఏ ఊరి న్యాయం ఇది? అతనికి బుద్ధి చెప్పేవాళ్ళు లేరా ఈ కొట్లో? పొట్టిదాన్ని గదా అని తన్నులు పడే సంబంధం అంటగడతావా?"

ఆచారి బిత్తరపోయాడు. "అది కాదమ్మా... అయితే ఇదిగో, దీన్ని చూడు. గొట్టం పొట్టే, కానీ కాస్త బరువుంది. బరువున్నది నెమ్మదిగా ఉంటుంది. చివర తోలుమెత్త కూడా కుట్టాను. తుపాకి మడమని, ఇదిగో ఈ వెనక చెక్కని, నీ మోచేతి మడతలో ఆనించు. ఇప్పుడు మీట నీ వేలికి అందుతోందా?"

అందింది! మెడ సాచక్కర్లేదు, మునివేళ్ళ మీద నిలబడక్కర్లేదు. పుట్టి బుద్ధెరిగాక ఒక వస్తువు తన దగ్గరికి తనే వచ్చినట్టనిపించడం గవరమ్మకి అదే మొదలు. గాదె రాలేదు, చూరు రాలేదు, అటక రాలేదు. ఇతను వచ్చాడు.

"ఒకసారి విడిగా మాట్లాడుకుంటాం," అని తుపాకిని తీసుకుని కొట్టు వెనక్కి వెళ్ళింది. "చూడు, నేను వాదించేటప్పుడు మధ్యలో అడ్డొస్తావా?" అని అడిగింది. తుపాకి మాట్లాడలేదు. "నాకు ఎదురు చెప్తావా?" దానికీ మాట్లాడలేదు. గవరమ్మ చెంపలు ఎర్రబడ్డాయి. బయటికొచ్చి, "నచ్చాడు," అంది.

"నచ్చితే ఇవాళే తీసుకుపోండి. మందు దట్టించే ఉంచాను. గుండు మాత్రం పేల్చే ముందు వేసుకోండి. మీట నొక్కగానే లోపల ఏముంటే అది బయటికి పోస్తుంది, జాగ్రత్త," అన్నాడు ఆచారి.

సన్నాసమ్మ చెవులు మూసుకుంది. "ఇవాళే ఎలా తీసుకెళ్తామండీ? పెళ్ళికాకుండా మగపిల్లాణ్ణి ఇంట్లో పెట్టుకుంటే ఊరేమంటుంది? రేపటినుంచి ఆషాఢం. శ్రావణంలో చూద్దాం."

"అప్పటిదాకా పంది ఆగుతుందా అమ్మా?" అంది గవరమ్మ.

"చెప్తే ఎందుకు ఆగదు?" అన్నాడు బంగారయ్య. సాయంత్రం చేని గట్టెక్కి అడవివైపు తిరిగి చాటింపు వేశాడు. "వినవే పందీ! ఆషాఢం వచ్చింది! శుభకార్యాలు లేవు, భోజనాలు లేవు! శ్రావణంలో పిలుస్తాం, అప్పుడు రా!"

పంది విన్నదో లేదో గానీ వచ్చింది. ఆషాఢమంతా వచ్చింది. పిలవని పేరంటానికి ఇంత క్రమంగా వచ్చేవాళ్ళని వాళ్ళెప్పుడూ చూడలేదు. గవరమ్మ రోజూ గట్టు మీద కూర్చుని, తరిగిపోతున్న చేనునీ తరగని ఆషాఢాన్నీ తిట్టేది. శ్రావణం వచ్చేసరికి చేలో ఒకే ఒక్క సాలు మిగిలింది. అదీ పోతే ఇక విత్తనానికని ఇంట్లో దాచిన బుట్టెడు దుంపలే గతి.

ఆ సాలుకి కాపలా ఉండాలి. పెళ్ళికి అందరూ ఉండాలి. ఎలా? "పెళ్ళే చేలో చేద్దాం!" అన్నాడు దాలయ్య. ఇంకేముంది! పొద్దు వాలే వేళకి చేని గట్టున పీటలు వేశారు. మందు దట్టించి ఉన్న తుపాకిని ఆచారి కొట్లోంచి తెచ్చి బాసికం కట్టారు. బంగారయ్య మంత్రాలు తనకొచ్చన్నాడు. రెండో ఎక్కం మొదలుపెట్టి, పదమూడో ఎక్కం దగ్గర తడబడి, అందరికీ అక్షింతలు వేశాడు.

"నాన్నా, ఇతనికి గుండు వెయ్యనా? పంది వచ్చే వేళయింది," అంది గవరమ్మ.

"తప్పే!" అంది తల్లి. "పీటల మీద వరుడు ఉపవాసం ఉండాలి. పెళ్ళయ్యాక తింటాడు."

తలంబ్రాల వేళ అయింది. వరుడి తల ఎక్కడుందని పేచీ వచ్చింది. నోరున్నచోటే తల ఉంటుందని గవరమ్మ తేల్చింది. అంతే! దోసిళ్ళకొద్దీ తలంబ్రాలు గొట్టంలో పోసింది. పొర్లిపోతుంటే బంగారయ్య కవ్వం కాడతో గట్టిగా కూరాడు.

"ఇప్పుడు అబ్బాయి వంతు. అమ్మాయి తల మీద పొయ్యాలి," అంది సన్నాసమ్మ.

"చేతుల్లేవు కదే!" అన్నాడు దాలయ్య.

"మీట నొక్కితే పోస్తాడని ఆచారి చెప్పలేదూ?"

గవరమ్మ సిగ్గుపడుతూ మీట మీద వేలు పెట్టింది. సరిగ్గా అప్పుడే పొదలు కదిలాయి. పంది! నేరుగా ఆ చివరి సాలులోకి దిగి మూతితో మట్టి ఎత్తింది. పెళ్ళి మర్చిపోయింది గవరమ్మ. తుపాకిని భుజానికి ఆనించింది. మడమ కుదిరింది. వేలు అందింది. గురి కుదిరింది. ఢాం!

పొగ విడిపోయింది. తుపాకి తోసింది గానీ తన్నలేదు. గవరమ్మ నిలబడే ఉంది. గురి వెంట్రుకవాసి తప్పలేదు. పంది నెత్తినిండా, ముఖంనిండా, వీపునిండా పసుపు బియ్యం. చప్పుడుకి దిమ్మెరపోయి అది ఉన్నచోటే చతికిలబడింది, అచ్చం పీట మీద పెళ్ళికూతురిలా.

సన్నాసమ్మ గుండెలు బాదుకుంది. "ఓలమ్మో! తలంబ్రాలు పంది మీద పోసేశాడు! పెళ్ళి దాంతో అయిపోయింది!"

"సూటిగా నెత్తినే పోశాడు. పొరపాటని కూడా అనలేం," అని దాలయ్య కూలబడ్డాడు.

గవరమ్మ తుపాకికేసి చూసింది. ఏమైనా చెప్తాడేమోనని చూసింది. ఏమీ చెప్పలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మిగిలిన సాలునీ, సాలులో కూర్చున్న సవతినీ చూసింది. ఏడుపు గొంతు దాకా వచ్చింది. అక్కడ ఒక వాదన అడ్డొచ్చింది. ఏడుపు వెనక్కిపోయింది.

"ఆగండి," అంది. "ఇతను మనింటికి ఇల్లరికం వచ్చినవాడేనా?"

"అవును," అన్నాడు దాలయ్య.

"అంటే మనింటి మనిషి. మనింటి మనిషి పెళ్ళాం మనకేమవుతుంది?"

"కోడలు," అన్నాడు బంగారయ్య.

"ఇన్నాళ్ళూ మన దుంపలు ఎవరు తిన్నారు?"

"దొంగపంది."

"ఇకనుంచి ఎవరు తింటారు?"

దాలయ్య కూతుర్ని అమాంతం భుజాల మీదికి ఎత్తుకున్నాడు. "ఇంటికోడలు తింటుంది! ఇంటికోడలు తింటే దొంగతనమెలా అవుతుందే! ఒక్క దెబ్బతో దొంగతనాన్నే చంపేశావు గవరా!" బంగారయ్య చెల్లెలి కాళ్ళకి దండం పెట్టాడు. ఆ ఎత్తునుంచి గవరమ్మకి లోకం మొదటిసారి కిందికి కనిపించింది. చేను చేతికి దక్కిందని ఆమెకి ఇసుమంత అనుమానం కూడా లేదు.

మరి కొత్తకోడల్ని పొలంలో వదిలేస్తారా? మర్యాద కాదు. ఆఖరి సాలు తవ్వి, దుంపలన్నీ పళ్ళెంలో పోసి, ఒక్కొక్కటే వేస్తూ వెనక్కి వెనక్కి నడిచారు. పంది తింటూ తింటూ ముందుకి ముందుకి నడిచింది. అలా ఇల్లు చేరారు.

సన్నాసమ్మ గుమ్మానికి ఇవతల హారతి పట్టుకుని నిలబడింది. లోపల మూలన విత్తనపు దుంపల బుట్ట కమ్మటి మట్టివాసన వేస్తోంది. పంది ముట్టె ఎత్తి గాలి పీల్చింది.

"కుడికాలు ముందు పెట్టి లోపలికి రామ్మా," అంది సన్నాసమ్మ.

"ఏ కుడికాలు?" అన్నాడు బంగారయ్య. "ముందు కుడికాలా, వెనక కుడికాలా?"

పెద్ద చిక్కే వచ్చిపడింది. ముందుదే అన్నాడు దాలయ్య. వెనకదే పెద్దది కాబట్టి పెద్దరికం దానిదే అన్నాడు బంగారయ్య. గవరమ్మ గడపకి అడ్డంగా నిలబడి, చేయెత్తి, "అదెలా?" అంటూ మొదలుపెట్టింది.

పంది ఏ కాలు సంగతీ ఆలోచించలేదు. గడపతో సహా లోపలికి వెళ్ళింది.