అడవిపంది గొంతులో అమ్మ పాట

అనగనగా ఒక చిట్టడవిలో బొద్దయ్య అనే అడవిపంది ఉండేదర్రా. గొంతు విప్పితే బండరాయి దొర్లినట్టే. అందుకే పాపం, సిగ్గుపడి నోరు మూసుకు తిరిగేది. దాని పొద పక్కనే చుక్కమ్మ అనే కౌజుపిట్ట కాపురం. రోజూ పొద్దున్నే చుక్కమ్మ పిల్లల్ని పిలిచే పాటకి బొద్దయ్య చెవులు రిక్కించేది. ఉన్నవి మూడే స్వరాలు. కింద ఒకటి, దాని పైన ఒకటి, ఇంకా పైన ఒకటి. కాస్త ఆగి, మళ్ళీ మొదటిదాని దగ్గరికే. అంతే.

ఒకనాడు పొగమంచు కమ్మేసింది. చుక్కమ్మ పిల్లలు ఐదూ గడ్డిలో తప్పిపోయాయి. పిలుద్దామంటే, ముందురోజు నక్కను అరిచి తరిమేసరికి చుక్కమ్మ గొంతు కాస్తా పోయింది.

"మంచు విడితే డేగ కంట పడతారు. ఎవరైనా నా పాట పాడండి" అని గుసగుసగా బతిమాలింది.

పికిలిపిట్ట ముందుకొచ్చింది. "నీ పాట మరీ చప్పన వదినా, కాస్త సొగసు దిద్దుతాను" అంటూ ప్రతి స్వరాన్నీ ఉయ్యాల ఊపింది. వినడానికి బ్రహ్మాండంగానే ఉంది. ఒక్క పిల్లా రాలేదు.

"మూడు స్వరాలే కదా, ఏది ముందైతే ఏం?" అంటూ చిలుక పైది ముందు, కిందిది వెనక, గడగడా అప్పజెప్పేసింది. గడ్డి కదల్లేదు.

మంచు పలచబడుతోంది. చుక్కమ్మ పొదకీ గడ్డికీ మధ్య పరుగులు తీస్తోంది. అది చూసి బొద్దయ్య ఉండబట్టలేకపోయింది.

"పాట నాకు వచ్చు పిన్నీ. గొంతే బాగోదు" అంది.

చిలుక కిసుక్కుమంది. చుక్కమ్మ మాత్రం "పాడు నాయనా" అంది.

బొద్దయ్య కళ్ళు మూసుకుని పాట ఎత్తుకుంది. కింద ఒకటి. పైన ఒకటి. ఇంకా పైన ఒకటి. ఆగవలసిన చోట ఆగింది. పాట మెల్లగా మొదటిదాని దగ్గరికి దిగింది.

గడ్డి కదిలింది. ఒకటి, రెండు, మూడు... ఐదు పిల్లలూ పరుగెత్తుకొచ్చి, అమ్మను వెతుక్కుంటూ బొద్దయ్య కాళ్ళ మధ్య ఆగాయి. చుక్కమ్మ గబగబా వాటిని పొదలోకి తోసింది. మంచు విడింది. డేగ నీడ ఖాళీ గడ్డి మీదుగా సాగిపోయింది.

బొద్దయ్య అప్పుడు కళ్ళు తెరిచి చూసింది. "ఈ మోటు గొంతులో పిల్లలు నిన్నెలా పోల్చుకున్నారు పిన్నీ?"

"గొంతు నీదే. స్వరాల నడక నాది. గుడ్డులో ఉన్నప్పటినుంచీ వాళ్ళు విన్నది ఆ నడకే" అంది చుక్కమ్మ.

పికిలిపిట్ట మెల్లగా కొమ్మ దిగి బొద్దయ్య పక్కన కూర్చుంది. "ఇంకొక్కసారి పాడన్నా. ఎక్కడ ఆగాలో నేర్చుకుంటాను" అంది.

నీతి: స్వరాల నడక చెదరకుంటే, మోటు గొంతులోనైనా పాట పాటే.