ఘాట్ రోడ్డులో గవరయ్య చూపు

పరాంకుశం గారిని ఎవరైనా పెద్ద ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పరు. ముందు ఏదో ఒక పని పురమాయిస్తారు. ఆత్మ గురించి అడిగినవాడికి చీపురు అందించారు. మోక్షం గురించి అడిగినామెను పప్పులో రాళ్ళు ఏరమన్నారు. పని అయ్యేసరికి చాలామందికి అడిగిన ప్రశ్న వేరేగా కనిపిస్తుందని, నర్సీపట్నం పైన కొండవాలులో ఉన్న ఆ చిన్న ఆశ్రమంలో పాతవాళ్ళు అంటుంటారు. గవరయ్య విషయంలో జరిగింది మాత్రం వాళ్ళకూ కొత్తే.

గవరయ్య ఆ ఘాట్ రోడ్డు మీద జీపు నడిపేవాడు. కొండమీది ఊళ్ళ జనాన్ని పొద్దున సంతకు దించి, సాయంత్రం మళ్ళీ ఇళ్ళకు చేర్చేవాడు. ఆదివారం ఆశ్రమానికి వచ్చి వెనక వరుసలో కూర్చునేవాడు. ఒక వానాకాలం అతని మెడలో గడ్డ లేచింది. క్యాన్సరన్నారు. విశాఖపట్నంలో గది తీసుకుని, కీమో చేయించుకున్నాడు. జుట్టు ఊడింది, కనుబొమ్మలు ఊడాయి, చివరికి కనురెప్పల వెంట్రుకలు కూడా మిగల్లేదు. గడ్డ మాత్రం కరిగింది. "రోగం పోయింది, అప్పుడప్పుడు వచ్చి చూపించుకో" అని డాక్టర్లు పంపేశారు. ఊరు సంతోషించింది. జీపు మళ్ళీ కొండెక్కింది.

ఎవరికీ తెలియనిది ఒకటుంది. మందు ఎక్కించుకుంటున్న రోజుల్లోనే గవరయ్య చూపు చెదిరింది. మందు ఎక్కిన మర్నాడు అక్షరాలు తడిసిన కాగితం మీద సిరాలా అలుక్కుపోయేవి. కొన్నాళ్ళకు తేటపడేవి. మళ్ళీ మందెక్కితే మళ్ళీ మసక. వైద్యం అయిపోతే ఇదీ పోతుందనుకున్నాడు. పోలేదు. కళ్ళలో ఇసుక పడ్డట్టు ఉండేది, ఊరికే నీళ్ళు కారేవి. ఎండ సూటిగా కొడితే ఎదుట తెల్లటి తెర దిగేది. సాయంత్రం పూట లారీ లైటు చుట్టూ రంగుల వలయం. సంతలో కళ్ళజోడు కొన్నాడు, అది పనికిరాలేదని ఇంకోటి కొన్నాడు. డాక్టరుకు చెప్పలేదు, భార్యకు చెప్పలేదు. చెబితే జీపు ఆపేయమంటారని ఒక భయం. రోగం తలలోకి పాకిందంటారేమోనని అంతకన్నా పెద్ద భయం.

ఆ భయం అతన్ని ఒక్కచోట కూర్చోనిచ్చేది కాదు. అన్నం కలిపి, తినకుండా లేచిపోయేవాడు. గోడమీది క్యాలెండరు ముందు నిలబడి ఒక కన్ను మూసి, ఇంకో కన్ను మూసి, అంకెలు పోల్చుకునేవాడు. నిన్నటికన్నా నయమనిపిస్తే పిల్లలతో పరాచికాలు. కాదనిపిస్తే ఇంటిల్లిపాది మీదా విసుగు. మళ్ళీ క్యాలెండరు దగ్గరికి.

ఒక ఆదివారం, ఎన్నడూ నోరు విప్పనివాడు లేచి నిలబడ్డాడు.

"గురువుగారూ, కంటికి కనపడేదంతా మాయ అంటారు కదా. అలాంటప్పుడు కన్ను బాగుంటేనేటి, లేకపోతేనేటి?"

చావు దాకా వెళ్ళొచ్చినవాడికి వైరాగ్యం పట్టిందని అందరూ తలలూపారు. పరాంకుశం గారు, "రేపు నర్సీపట్నంలో నాకు కొంచెం పనుంది. పొద్దున్నే జీపు తీసుకురా" అన్నారు.

మర్నాడు ముందు సీట్లో గురువుగారు, స్టీరింగు దగ్గర గవరయ్య. ఇంకెవరూ లేరు. కొండ దిగుతుంటే సూర్యుడు ఎదురుగా ఉన్నాడు. రెండు మలుపులు దాటాక రోడ్డుకడ్డంగా నల్లగా ఏదో కదిలినట్టయి గవరయ్య గట్టిగా బ్రేకు వేశాడు. గురువుగారి చేతికర్ర ఎగిరి కింద పడింది.

"కోతి అడ్డొచ్చింది గురువుగారూ."

కోతి లేదు. అక్కడున్నది చెట్టు నీడ. గురువుగారు వంగి కర్ర తీసుకున్నారు. గవరయ్య కళ్ళు తుడుచుకుని మళ్ళీ గేరు వేశాడు. వెనక్కి తిప్పుదామా అనుకున్నాడు. ఏం చెప్పి తిప్పాలో తోచలేదు.

తర్వాతి మలుపులో ఎండ అద్దం మీద పడింది. తెర దిగింది. రోడ్డు అంచున తెల్లగా కనిపించినదాన్ని సున్నం కొట్టిన రాయి అనుకున్నాడు. ఆ రాయి అడుగు ముందుకు వేసింది. ఎలా తొక్కాడో తెలియదు, బ్రేకు తొక్కాడు. జీపు ఆగేసరికి తెల్లచీర కట్టుకున్న ఒక ముసలామె చెయ్యి బానెట్ మీద ఉంది. తలమీది బుట్ట పడిపోయి సీతాఫలాలు రోడ్డంతా దొర్లుతున్నాయి.

"ఏరా, కళ్ళు కనపడ్డం లేదేటి నీకు?" అని అరిచిందామె.

దారిలో డ్రైవర్లు రోజూ పడే తిట్టే అది. తిరిగి అనే మాటా రోజూ అనేదే. గవరయ్య నోరు తెరిచాడు.

"కనపడ్డం లేదమ్మా" అన్నాడు.

వెటకారమాడుతున్నాడేమోనని ఆమె దగ్గరికొచ్చి మొహంలోకి చూసింది. వెంట్రుకల్లేని రెప్పలు, ఎర్రటి కళ్ళు, ధారగా నీళ్ళు. ఆమె గొంతు తగ్గింది.

"ఎన్నాళ్ళయింది?"

"క్యాన్సరుకి మందులెక్కించారు. అప్పట్నించీ."

"మరైతే దిగు."

దిగాడు. రోడ్డు పక్కనే కూర్చున్నాడు. ఇంట్లో చెప్పనిది, ఆసుపత్రిలో చెప్పనిది, పేరైనా తెలియని ఆ మనిషికి మొత్తం చెప్పాడు. రోగం తలలోకి పోయిందేమోనన్న భయం కూడా చెప్పాడు. గురువుగారు పంచె ఎగగట్టి, కాలవలో పడ్డ పళ్ళు ఏరుతున్నారు.

"బయ్యమేస్తే ఆసుపత్రికెళ్ళాల గానీ, జనాన్నెక్కించుకుని కొండలెక్కుతావేటి?" అంది ఆమె. తిట్టినట్టు లేదు, నిజంగానే అడిగినట్టుంది. బుట్ట తలకెత్తుకుని వెళ్ళిపోయింది.

జీపు అక్కడే వదిలి ఇద్దరూ బస్సెక్కారు. గురువుగారు నర్సీపట్నంలో దిగలేదు, గవరయ్యతో పాటు విశాఖపట్నం దాకా వెళ్ళారు. స్కానింగు రిపోర్టు వచ్చేదాకా గవరయ్య ఆసుపత్రి వరండాలో ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతూనే ఉన్నాడు. తలలో ఏమీ లేదు. కీమో వల్ల కళ్ళు పొడిబారాయనీ, ఆ మంటకే నీళ్ళు కారుతున్నాయనీ కంటి డాక్టరు చెప్పింది. కీమోతో పాటు మింగిన స్టెరాయిడ్ మాత్రల వల్ల శుక్లం కూడా మొదలైందట. చుక్కల మందు రాసింది. చూపు ఇంకా నిలకడకు రాలేదు కాబట్టి కొన్ని నెలలు కొత్త కళ్ళజోళ్ళు కొనవద్దంది. జీపు నడపవద్దంది. "మొదట్లోనే చెప్పి ఉంటే ఇంత బాధ పడేవాడివి కాదు" అంది.

ఆ నెలలు సుఖంగా ఏమీ గడవలేదు. బావమరిది జీపు నడుపుతుంటే గవరయ్య పక్కన కూర్చుని, ప్రతి మలుపులోనూ లేని బ్రేకును కాలితో తొక్కేవాడు. రెప్పలకు వెంట్రుకలొచ్చాయి. మంట తగ్గింది. తర్వాత శుక్లాలకు ఆపరేషన్ అయింది. ఇప్పుడు డాక్టరు ఒప్పుకున్న మేరకు పగటిపూట నడుపుతున్నాడు. పొద్దువాలితే తాళం బావమరిది చేతికిస్తాడు. ఎందుకని అడిగితే కారణం చెబుతాడు.

ఈలోగా ఆశ్రమంలో ఒక మాట పుట్టింది. గురువుగారు దివ్యదృష్టితో అంతా ముందే చూసి, శిష్యుణ్ణి కాపాడటానికే ఆ రోజు జీపెక్కారని. గవరయ్య కూడా అదే నమ్మాడు. ఒక ఆదివారం అందరి ముందూ చేతులు జోడించి అడిగాడు.

"అంతా తెలిసే కదా గురువుగారూ, ఆ రోజు నా జీపెక్కారు?"

ముందు వరుసలో వాళ్ళు మెడలు చాచారు. పరాంకుశం గారు అతని వైపు తిరిగి చూశారు.

"నాకేం తెలుసు నాయనా? ఆ జీపులో తెలిసినవాడివి నువ్వొక్కడివే."