సూరీడమ్మ హారతికి లెవెల్ పెట్టిన వైనం

రాముడు బుర్రలు పంచిపెట్టిన రోజున వరుసలో అందరికంటే ముందు నిలబడింది తామేనని మట్టంవారు చెప్పుకుంటారు. నిలబడ్డ మాట నిజమే. వరుస ఏ కొస నుంచి మొదలవుతుందో చూసుకోలేదు, అంతే. నవ్వండి గానీ కాస్త మెల్లగా నవ్వండి. మనం నిలబడ్డది ఏ కొసనో మనకీ తెలీదు.

ఈ మట్టంవారు ఏలేరు పక్క పల్లెలో తాపీమేస్త్రులు. ఇంటికి పెద్ద గవర్రాజు. తాము కట్టిన గోడా వంకర పోదనీ, తాము విన్న మాటా వంకర పోదనీ, ఎవరేం చెబితే ఉన్నదున్నట్టు అదే చేస్తామనీ మీసం దువ్వుకుంటూ చెప్పేవాడు. భార్య నూకరత్నం, బావమరిది సింహాచలం తలలూపేవారు. వాళ్ళిద్దరి తల్లి సూరీడమ్మ గవర్రాజుకి అత్తగారే కాదు, మేనత్త కూడా. ఆవిడ మాత్రం, "మా వంశంలో ఎవడో తెలివిని రెండిటుకల మధ్య పెట్టి గోడ కట్టేశాడు. ఏ గోడో ఇప్పటిదాకా దొరకలేదు" అనేది.

సూరీడమ్మకి ఒక హారతి పాట వచ్చు. 'జాజులు చల్లిన సీతమ్మకు జేజే హారతి' అని మొదలవుతుంది. ఏటా నవమినాడు ఆవిడ అది పాడితేగానీ రామాలయంలో పళ్ళెం పైకి లేవదు. పాట మొత్తం తెలిసింది ఊళ్ళో ఆవిడొక్కదానికే. కూతురికి నేర్పకపోలేదు. నూకరత్నం శ్రద్ధగానే నేర్చుకుంది, "ఆగవే, దగ్గొస్తోంది" అన్నది కూడా రెండో చరణంలో కలుపుకుని.

ఆ సంవత్సరం పళ్ళ డాక్టరు సూరీడమ్మ నోరు చూసి, మిగిలిన ఏడు పళ్ళూ కదిలిపోయాయి, సోమవారం తీసేస్తానన్నాడు. పాట నిండా జకారాలూ సకారాలే. పళ్ళు పోతే పాటా పోయినట్టే. కట్టుడు పళ్ళు పెట్టించుకోమంటే, అరువు పళ్ళతో రాముణ్ణి పిలవనంది సూరీడమ్మ. గవర్రాజు గుండె నీరైపోయింది. చిన్నప్పుడే తల్లి పోతే ఆ పాట పాడే అత్త వాణ్ణి పెంచింది. అందుకని ఆదివారం పొద్దు వాలేలోగా ఎలాగైనా పాటని రికార్డు చేసి దాచాలనుకున్నాడు.

మైకులు అద్దెకిచ్చే వీరబాబు ఒక కంప్యూటరూ, మైకూ, రెంటికీ మధ్య తగిలించే చిన్న పెట్టె తెచ్చి బల్లమీద అమర్చాడు. కంప్యూటరు బ్యాటరీ ఏనాడో చచ్చిందనీ, తీగ ఊడితే అది ఆరిపోతుందనీ చెప్పాడు. నొక్కాల్సిన మీటకి ఎర్రచుక్క పెట్టాడు. తనకి పెళ్ళి ప్రోగ్రాం ఉంది, ఏదన్నా ఉంటే ఫోన్ చెయ్యమన్నాడు. గుమ్మం దాటుతూ, "లెవెల్ ఒక్కటి సరిగ్గా పెట్టుకో మేస్త్రీ, అది కుదిరితే అన్నీ కుదిరినట్టే" అన్నాడు.

ఇంకేముంది. లెవెల్ సంగతి మట్టంవారికి ఒకరు చెప్పాలా? గవర్రాజు సంచీలోంచి రసమట్టం తీశాడు. బల్లమీద పెట్టాడు, పెట్టెమీద పెట్టాడు, మైకుమీద పెట్టాడు. గాజుగొట్టంలో బుడగ నడిమికొచ్చేదాకా సింహాచలం బల్లకాళ్ళ కింద పెంకుముక్కలు దోపాడు. తర్వాత అత్త భుజాలమీద పెట్టి చూస్తే బుడగ ఎడమకి జారింది. ఎడమ భుజం అర అంగుళం ఎత్తు. ఆ చేతికి సగం ఇటుక ఇచ్చారు. బుడగ నడిమికొచ్చింది.

ఇటుక పట్టుకునే సూరీడమ్మ పాడింది. తెరమీద ఒక పచ్చటి పట్టీ గొంతుతోపాటు ఎగిరెగిరి కొన ఎర్రబారుతూనే ఉంది. దానికేసి ఎవరు చూశారు, అందరి చూపూ బుడగమీదే. తీరా వింటే పాట లేదు. మూకుట్లో మొక్కజొన్నలు పేలుతున్నట్టు చిటపటలు.

వీరబాబుకి ఫోన్ చేశారు. అటువైపు మేళం హోరులోనే అతను చెప్పాడు, "ఎరుపు తగలనివ్వకు మేస్త్రీ. అంతా పచ్చలోనే ఉండాలి."

అంతే. అత్త ఎర్రంచు చీర పోయి నూకరత్నం చిలకపచ్చ చీర వచ్చింది. గాజులు మారాయి. ఎండుమిరపకాయల బస్తా పక్కింటికి వెళ్ళింది. గోడమీద రాముడి పటానికి ఎర్ర మందారాలున్నాయి. గవర్రాజు చెంపలేసుకుని, పది నిమిషాలు ఓర్చుకోమని స్వామితో మనవి చేసుకుని, అవి తీసి తులసి దండ వేశాడు. మీటమీది ఎర్రచుక్క సంగతేమిటని సింహాచలం గుర్తుచేశాడు. దానిమీద తమలపాకు కప్పి, ఆకుమీంచి నొక్కారు. అంత తెలివిగా చేసినా మళ్ళీ మొక్కజొన్నలే.

ఈసారి వీరబాబు కాస్త విసుక్కున్నాడు. మరీ ఎక్కువగా వస్తోంది, ఎడమకి తిప్పమన్నాడు. అతను చెప్పింది పెట్టెకున్న, శబ్దం తగ్గించే బిళ్ళని. వీళ్ళు తిప్పింది సూరీడమ్మని. ఎంత తిప్పాలని నూకరత్నం అడిగితే, సరిపోయేదాకా కొంచెం కొంచెంగా తిప్పుతూ పొమ్మన్నాడట. తిప్పుతూ పోయారు. చివరికి ఆవిడ ముక్కు గోడకి ఆనింది. గోడకి చెప్పుకున్న పాట మైకుకి వినబడీ వినబడనట్టు ఎక్కింది.

అది చెబితే, "అడుక్కి దిగిపోయింది, కాస్త పైకి లేపు. కానీ పైన ఖాళీ ఉంచుకోవాలి. గొంతెత్తినప్పుడు పోయి పైన కొట్టుకోకూడదు" అన్నాడు వీరబాబు.

పైకి లేపడం మేస్త్రులకి వచ్చిన విద్యే. నట్టింట్లో పరంజా కట్టారు. నలుగురి సాయం పట్టి ముసలమ్మని దానిమీదికి ఎక్కించారు. తల వెళ్ళి దూలానికి జానెడు దూరంలో ఆగింది. గవర్రాజు కిందనుంచి కొలత చూసి పెదవి విరిచాడు. ఖాళీ చాలదు. ఇంకేముంది, సింహాచలం కప్పు మీదికెక్కి నాలుగు వరసల పెంకులు పీకేశాడు. ఎండ పళ్ళెంలా వచ్చి సూరీడమ్మ నెత్తిన పడింది.

"ఏడు పళ్ళు ఊడతాయని మొదలెట్టి ఇంటికప్పు ఊడగొట్టారు. ఇక మిగిలింది నేనే. కానివ్వండి, నా కడుపున పుట్టినందుకు మిమ్మల్నేమనను" అంది ఆవిడ.

అయితే ఆకాశం కనబడేసరికి ఏమైందో ఏమో, ఆ తల్లికి ప్రాణం లేచొచ్చింది. గొంతు విప్పి పాడింది. గొంతు పెద్దది, మైకు దూరం. రాముడి దయ చూడండి, రెండూ కలిసి పట్టీ పచ్చలోనే ఊగింది, ఒక్కసారి కూడా ఎర్రబారలేదు. ఆపి వింటే ప్రతి జకారం జాజిమొగ్గలా విచ్చుకుంది. గవర్రాజు తలపాగా విప్పి కళ్ళు తుడుచుకుని వీరబాబుకి ఫోన్ చేశాడు.

"వెంటనే సేవ్ చెయ్యి. సేవ్ చెయ్యకుండా మూశావో, అంతా పోతుంది" అన్నాడతను.

సేవ చెయ్యమంటున్నాడని గవర్రాజు ఇంట్లోవాళ్ళకి చెప్పాడు. చెప్పాలా మరి, రాముడి పాట ఎక్కిన పెట్టె. అంతే. కంప్యూటరుకి పసుపు రాశారు, గంధం పెట్టారు, దండ వేశారు. కొబ్బరికాయ కొట్టారు. నూకరత్నం విసనకర్రతో విసిరింది. సింహాచలం పాలాభిషేకం కూడా చేద్దామన్నాడు. కరెంటు సామాన్లకి తడి తగలకూడదు, ఆమాత్రం బుర్ర ఉండాలని గవర్రాజు మందలించాడు. సేవ అంతా అయ్యాక పవళింపు. మూత మూసి, తీగలన్నీ ఊడదీసి, పట్టుబట్ట చుట్టి, ఉయ్యాల్లో పడుకోబెట్టి జోకొట్టారు.

సోమవారం పళ్ళు పీకించారు. మంగళవారం వీరబాబు వచ్చి పట్టుబట్ట విప్పి, తీగ తగిలించి, తెర వెతికి వెతికి తల పట్టుకున్నాడు. లోపల ఏమీ లేదు.

"సేవ్ చేశావా మేస్త్రీ?"

"ఎందుకు చెయ్యలేదు? రెండు పూటలా చేశాం."

సేవ్ అంటే ఏమిటో వీరబాబు నిదానంగా విడమరిచి చెప్పాడు. గవర్రాజు అలాగే నేలమీద కూలబడ్డాడు. "గోడలో పెట్టి కట్టిందెవరో కాదత్తా, నేనే" అన్నాడు. అల్లుడి మొహం చూడలేక సూరీడమ్మ నోట్లో దూది తీసి, పాడబోయింది. 'హాహులు హల్లిన హీతమ్మకు' అని వచ్చింది. ఇంటిల్లిపాదీ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు.

ఉన్నట్టుండి గవర్రాజు లేచి నిలబడ్డాడు. పళ్ళు పోతే పాట పోయిందంటే, పాట పాడింది పళ్ళన్నమాటేగా? ఆ పళ్ళేమయ్యాయని అడిగాడు. డాక్టరు పొట్లం కట్టి ఇచ్చాడంది నూకరత్నం. అరిటాకు పరిచి, ఏడు పళ్ళనీ మైకు ముందు బారుగా నిలబెట్టారు. వీరబాబు నోరు తెరిచి చూస్తూండగానే సింహాచలం మీట నొక్కాడు.

ఎంతసేపటికీ పట్టీ కదల్లేదు.

"కొత్తచోటు గదా, బెరుగ్గా ఉండి ఉంటుంది" అని బావమరిదికి చెప్పి, గవర్రాజు చేతులు జోడించి పళ్ళకేసి వంగాడు. "మొహమాటపడకండి బాబూ. అత్త ఇక్కడే ఉంది. ముందు ఒక్క చరణం కానివ్వండి."