జాడీలో తల్లి

రాజుల కాలంలో సాయవ్వ అనే ఆవిడ చెరకురసం పులియబెట్టి, ఊరగాయల్లో పోసే పుల్లటి సిర్కా చేసి అమ్ముకుని బతికేది. ఒకనాడు సంతకొచ్చిన కొత్వాలు కోదండపాణి ఆమె జాడీలో తేలుతున్న జిగురు పొరను చూశాడు.

"విషం! జాడీలన్నీ పారబోయండి!" అని భటుల మీద కేకలేశాడు.

సాయవ్వ జాడీలకు అడ్డంగా నిలబడింది. "బూజు పడితే నేనే పారబోద్దును దొరా. ఇది సిర్కాను పులియబెట్టే తల్లి."

"తల్లీ లేదు, పిల్లా లేదు. పారబోయండి!"

"మొన్న తమరింటికి పంపిందీ ఈ జాడీలోదే. ముందు అది పారబోయించండి."

"మాదెందుకు? మా ఆవిడ పొర తీసేసి, గుడ్డలో వడగట్టింది. అందులో ఉల్లిపాయలు నానేస్తే అమృతమే!"

సాయవ్వ అక్కణ్ణుంచి కదల్లేదు.

"ఏం దొరా, ఊరు మొత్తానికి వడగట్టే గుడ్డ తమరింట్లోనే ఉందా?"