మద్దమ్మ గట్టు మట్టి సంచి

రాయలసీమలో ఎర్రనేల, నల్లరేగడి కలిసే చోట, ఒక చిన్న గట్టును ఆనుకొని మన వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది. బస్సు దిగి ఎడమవైపు నడిస్తే కంది, కొర్ర, వేరుశనగ మడులు, వాటి వెనుక నేలశాస్త్ర విభాగం కనబడతాయి. కాగితాల్లో ఈ చోటికి వేరే పేరుంది. కండక్టరు మాత్రం “మద్దమ్మ గట్టు, దిగండి” అనే కేకేస్తాడు. బిడ్డలను చేర్పించడానికి వచ్చిన తల్లిదండ్రులు మద్దమ్మంటే ఏ అమ్మవారని అడుగుతారు, గుడి ఎక్కడని వెతుకుతారు. గుడి లేదు. ఉన్న కథ ఇది.

పూర్వం ఇక్కడ, విశ్వవిద్యాలయం పుట్టిన రెండో ఏట, రెండు రేకుల షెడ్లు, సగం కట్టిన భవనం తప్ప ఏమీ లేవు. విద్యార్థులు నలభై మంది. అందులో ముప్పై మంది చుట్టుపక్కల ఊళ్ల నుంచి సద్దిమూటతో నడిచి వచ్చేవారే. కరువు పనుల్లో కాయలు కాచిన చేతులు వారివి. ఇంటికి నడిచేంత దూరంలో చదువు దొరకడం వారి వంశాల్లో అదే మొదలు.

ఆ వేసవిలో రాజధాని నుంచి ఒక పరిశీలక సంఘం వచ్చి ఇక్కడి మట్టిని పరీక్షకు పంపమంది. విద్యార్థులు మూడు చోట్ల తవ్వి ఇచ్చారు. నెల తిరక్కుండా నివేదిక వచ్చింది. ఇది చౌడు నేల, విత్తనం మొలవదు, విశ్వవిద్యాలయాన్ని కోస్తాకు తరలించాలి అని. తరలిపోతే ఆ ముప్పై మందికి చదువు అక్కడితో సరి. మళ్లీ గడ్డపార పట్టడమే.

పుణ్యక్షేత్రాల కథల్లో ఇలాంటప్పుడు రుషి తపస్సు చేస్తాడు, దేవుడు కలలో కనబడి దారి చెబుతాడు. మాకెవరికీ కల రాలేదు. పట్టపగలు, తల మీద బట్టల మూటతో మద్దమ్మ వచ్చింది. ఆమె ఈ గట్టు కింది రజకుల ఇంటి కోడలు. నేలశాస్త్రం చెప్పే ఆచార్యులు కంబగిరి గారి బట్టలు తెచ్చి, షెడ్డు ముందు దిగాలుగా ఉన్న పిల్లలను చూసింది.

“ఏంది నాయనా, పీనుగు లేచిన ఇంట్లో మాదిరి కూసున్నారు?”

సంగతి చెప్పారు. యాడ తవ్వినారో చూపమంది. చూపగానే మూట దించి, నడుం మీద చేతులు పెట్టుకొని పకపకా నవ్వింది.

“అది మా మామ కాలం నుంచి చౌడు కుప్పేసిన జాగా గదరా! వాగు కాడ నుంచి గంపలకెత్తి తెచ్చి ఆడనే పోసుకుంటాం. వానలకు కరిగి మన్నులో కలిసింది. ఆ మన్నెత్తి పంపి నేలంతా చౌడంటే, నేల ఊరుకుంటాదా?”

సబ్బు పెద్దగా లేని రోజుల్లో బట్టల మురికి వదిలించింది ఆ తెల్లటి చౌడు మట్టే.

కంబగిరి గారు తల పట్టుకున్నారు. “ముందే చెప్పకపోయావా మద్దమ్మా?”

“ఎవురడిగినారు సామీ? చొక్కాకు గంజి పెట్టమని చెప్పడం తప్ప, ఈ రెండేండ్లలో నన్ను మీరేమడిగినారు?”

ఆ మూడు గుంతలు తవ్వినవారిలో ఈ కథ రాస్తున్నవాడూ ఒకడు. దాచను. మండువేసవిలో తక్కిన నేల గడ్డపారకు లొంగలేదు. అక్కడ మెత్తగా దిగింది. అందుకే మూడూ అక్కడే తవ్వాం. మా బద్ధకమే మా చదువును మింగబోయింది.

మద్దమ్మ మమ్మల్ని వెంటేసుకొని సాయంత్రం దాకా నడిచింది. పదకొండు చోట్లు చూపింది. “ఈ రెండూ చౌడే. కడమవి బంగారం” అంది. తవ్వాం. చేతులు బొబ్బలెక్కినా ఎవరూ ఆగలేదు. ప్రతి సంచి మీద చోటు, లోతు రాశాక, కంబగిరి గారు సిరాకలం తీసుకొని మూడో వరుస తానే చేర్చారు: “చెప్పినవారు: మద్దమ్మ.”

సంచులు రాజధానికి తీసుకెళ్తే, సంఘంలోని ఒక పెద్దమనిషి ఆ వరుస చూసి మండిపడ్డాడు. “బట్టలుతికే ఆమె మాట మీద ప్రభుత్వం నిర్ణయం మార్చుకోవాలా?”

“ఆమె మాట మీద వద్దు సార్. మట్టి చూసి మార్చుకోండి” అన్నారు కంబగిరి గారు.

మట్టి చూశారు. పదకొండింట తొమ్మిది మంచి నేల. చౌడు తేలిన రెండు సంచులూ ఆమె ముందే చెప్పినవే. తరలింపు ఆగింది. మేము ముప్పై మందిమీ ఇక్కడే పట్టాలు పుచ్చుకున్నాం. అదంతా ఆ తల్లి పుణ్యం.

మరుసటి ఏడే నేలశాస్త్రంలో డిగ్రీ మొదలైంది. తర్వాత వర్షాధార సాగు, ఆ వెనుక చౌడు నేలలను బాగుచేసే ఏడాది కోర్సు వచ్చాయి. ఏటా తొలి పాఠం చదువు పట్టా లేనివారే చెప్పాలన్నది అప్పటి నుంచీ ఉన్న కట్టుబాటు. గొర్రెల కాపరి, బావులు తవ్వే మేస్త్రి, కుమ్మరి వచ్చి చెబుతారు. ఆ పూట ఆచార్యులు విద్యార్థుల పక్కన బల్లల మీద కూర్చోవాలి. తొలి ఆరేళ్లు మద్దమ్మే చెప్పింది. “రాసుకోవద్దురా, చెప్పులిడిసి రాండి” అని అందరినీ పొలంలోకి తోలుకుపోయేది.

సంచి మీద మూడో వరుస నేటికీ ఉంది. ఆ నేల ఎరిగిన మనిషిని అడగకుండా ఇక్కడెవరూ గడ్డపార దించరు. పేరు లేని సంచి వస్తే ప్రయోగశాల కిటికీలోంచే వెనక్కి ఇస్తారు. ఒక మంత్రిగారి పొలం మట్టి కూడా అలాగే వెనక్కి పోయింది. ఆయన మొదట కేకలేశాడు. తర్వాత తన పొలం కాపలాదారుడి పేరేమిటో కనుక్కొని, రాయించి పంపాడు.

ఈ కథ విన్నవారికి సిరిసంపదలు కలుగుతాయని మేము రాయం. మీ ఊళ్లో ఎవరి మాట మీరింతవరకూ అడగలేదో, ఇంటికి పోయి వారిని అడగండి. తప్పు చోట తవ్వకుండా ఉండే భాగ్యం మీకు తప్పక కలుగుతుంది.